ఆర్-టైప్ డైమెన్షన్స్: ఆడేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నాణెం వేసి ఆడే ఆర్కేడ్ యంత్రాల నాటి పాత షూటర్ (ఓడ నడుపుతూ శత్రువుల్ని కాల్చే ఆట) ఆర్-టైప్‌కు కన్సోల్ రీమేక్ అయిన డైమెన్షన్స్ గురించి అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. అన్నీ ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## కొనేముందు

ఇది ఒక ఆటేనా, రెండు ఆటలా?

రెండు. జపాన్ కంపెనీ ఐరెమ్ 1987లో ఆర్కేడ్‌లకు తెచ్చిన ఆర్-టైప్ ఒకటి, 1989లో దాని తర్వాత వచ్చిన ఆర్-టైప్ 2 ఇంకొకటి. మొదటిదాంట్లో 8 స్టేజ్‌లు, రెండోదాంట్లో 6. ముందు దేన్ని ఆడినా ఆట ఒప్పుకుంటుంది గానీ, మొదటిదానితోనే మొదలుపెట్టండి. రెండోది మొదటిదాన్ని కంఠతా పట్టినవాళ్ల కోసం చేసినట్టుంటుంది.

డైమెన్షన్స్ అని ఒకటి, డైమెన్షన్స్ ఈఎక్స్ అని ఒకటి కనిపిస్తున్నాయి. తేడా ఏంటి?

మొదటిది స్వీడన్‌కు చెందిన సౌత్‌ఎండ్ ఇంటరాక్టివ్ చేసింది, తోజాయ్ గేమ్స్ విడుదల చేసింది. 2009లో ఎక్స్‌బాక్స్ 360కి, 2014లో ప్లేస్టేషన్ 3కి వచ్చింది. ఈఎక్స్ 2018లో నింటెండో స్విచ్‌కీ పీసీకీ వచ్చి, ఆ తర్వాత ప్లేస్టేషన్ 4కి చేరింది. లోపల ఆట ఒకటే. ఎక్స్‌బాక్స్ 360 స్టోర్‌లో అమ్మకాలు 2024 జూలైలో ఆగిపోయాయి కాబట్టి ఆ కన్సోల్ మీద కొత్తగా కొనే దారి లేదు. కొత్తగా తీసుకునేవాళ్లు ఈఎక్స్ తీసుకోండి.

రీమేక్ అంటున్నారు. కొత్త బొమ్మలు వేసి అసలు ఆటను మార్చేశారా?

మార్చలేదు. శత్రువులు వచ్చే చోటు, వచ్చే వరస, గోడల ఆకారం అన్నీ పాతవే. వాటి మీద 3డి బొమ్మలు తొడిగారు, అంతే. నమ్మకం కుదరకపోతే ఆట మధ్యలో ఒక్క బటన్ నొక్కండి. స్క్రీన్ మొత్తం 1987 నాటి 2డి చుక్కల బొమ్మగా మారిపోతుంది. మీ ఓడ, ఎదురుగా ఉన్న శత్రువు, గాల్లో ఉన్న బులెట్ ఎక్కడివి అక్కడే ఉంటాయి. మళ్లీ నొక్కితే 3డి.

నిజంగా కొత్తవి ముఖ్యంగా మూడు: ఎన్ని లైఫ్‌లైనా ఇచ్చే ఇన్ఫినిట్ మోడ్, ఇద్దరు ఒకేసారి ఆడే వీలు, ఆట వేగాన్ని తగ్గించే పెంచే సదుపాయం.

ఇలాంటి ఆటలు ఎప్పుడూ ఆడలేదు. నా వేళ్లకు అంత వేగం లేదు. పనికొస్తుందా?

పనికొస్తుంది. ఆర్-టైప్ చేతివేగం మీద నడిచే ఆట కాదు, జ్ఞాపకం మీద నడిచేది. స్క్రీన్ నెమ్మదిగా జరుగుతుంది, బులెట్లు కూడా మరీ ఎక్కువ ఉండవు. కానీ ఏ మలుపు దగ్గర వెనక నుంచి ఏం వస్తుందో తెలియకపోతే ఎంత చురుకైనవాళ్లయినా పోతారు. తెలిస్తే తాపీగా దాటేస్తారు. మొదటిసారి వెళ్లినచోట చావడం మీ తప్పు కాదు, ఆట రాసిన తీరే అది. అదే చోట పదోసారి చస్తే మాత్రం ఆగి ఆలోచించాలి.

పూర్తి చేయడానికి ఎంతసేపు పడుతుంది?

ఎక్కడా పోకుండా ఆడితే మొదటి ఆట దాదాపు అరగంట. ఆ అరగంట ఆడగలిగే స్థాయికి రావడానికి వారాలు పడుతుంది. అరగంట ఆట అని చూసి డబ్బు దండగ అనుకునేవాళ్లకు ఇది నచ్చదు, కొనకపోవడమే మేలు.

అసలు ఆర్-టైప్‌నే ఇంట్లో ఆడాలంటే వేరే రూపాలు ఏమున్నాయి?

1988లో పీసీ ఇంజిన్ అనే కన్సోల్‌కు వచ్చిన రూపానికి మంచి పేరుంది. జపాన్‌లో అది ఒక్క కార్డులో పట్టక రెండు కార్డులుగా అమ్మారు. అదే ఏడాది సెగా మాస్టర్ సిస్టమ్‌కూ వచ్చింది. 1991లో సూపర్ నింటెండోకి వచ్చిన సూపర్ ఆర్-టైప్ ఎక్కువగా రెండో ఆట మీద ఆధారపడింది, అందులో చెక్‌పాయింట్లే (పోయాక తిరిగి మొదలయ్యే మధ్య చోట్లు) లేవు. స్టేజ్ చివర పోయినా మొదటికే తోలుతుంది. 1998లో ప్లేస్టేషన్ 1కి రెండు ఆటలూ కలిపి ఆర్-టైప్స్ పేరుతో ఇచ్చారు. డైమెన్షన్స్ తీసుకుంటే వీటిలో ఏదీ తప్పనిసరి కాదు.

## ఆడటానికి కూర్చునేముందు

బటన్ నొక్కాక ఓడ ఆలస్యంగా కదులుతోంది. ఆట లోపమా?

చాలాసార్లు టీవీ లోపం. టీవీలు బొమ్మను నునుపు చేయడానికి, కదలికను మెత్తబరచడానికి ఒక్కో ఫ్రేమ్‌ను పట్టి ఉంచుతాయి. 60 హెర్ట్జ్ స్క్రీన్ మీద ఒక ఫ్రేమ్ అంటే 16.7 మిల్లీసెకన్లు. టీవీ అలా నాలుగైదు ఫ్రేమ్‌లు మింగితే సన్నని సందులో ఓడ గోడకు తగలడానికి అదే చాలు.

ముందు టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి. కొన్ని టీవీల్లో ఇది ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకు విడివిడిగా పెట్టాలి. ఒక పోర్టుకు పెట్టి, కన్సోల్‌ను ఇంకో పోర్టుకు కలిపి, తేడా లేదనుకునేవాళ్లు చాలామంది. తర్వాత మోషన్ స్మూతింగ్, నాయిస్ రిడక్షన్ ఆపండి. శబ్దం బయటి స్పీకర్లకు బ్లూటూత్ ద్వారా పోతుంటే అది ఆలస్యంగా వినిపించి, ఆట కూడా ఆలస్యమైనట్టు అనిపిస్తుంది. ఒకసారి టీవీ స్పీకర్లతోనే ఆడి చూడండి.

స్టిక్‌తో ఆడాలా, డి-ప్యాడ్‌తోనా (దిక్కుల బటన్లు)?

డి-ప్యాడ్. ఆర్కేడ్ జాయ్‌స్టిక్‌కు ఎనిమిది దిక్కులే ఉండేవి, ఆట కూడా ఆ ఎనిమిదే లెక్కేస్తుంది. అనలాగ్ స్టిక్‌ను ముందుకు నెట్టినప్పుడు బొటనవేలు కాస్త పైకి జారితే ఓడ ఐమూలగా పోతుంది. ఖాళీ ఆకాశంలో అది పట్టించుకోనక్కర్లేదు, ఓడంత వెడల్పున్న సొరంగంలో ప్రాణం పోతుంది. స్విచ్ జాయ్-కాన్‌లలో ఎడమ చేతి వైపు నాలుగూ విడి బటన్లు కాబట్టి ఐమూల కదలికలకు కొంచెం అలవాటు పడాలి.

2డిలో ఆడాలా, 3డిలోనా?

చూడటానికి 3డి, నేర్చుకోవడానికి 2డి. 3డిలో వెనక గోడకూ ముందు గోడకూ లోతు కనిపిస్తుంది. దానివల్ల తగిలే అంచు ఎక్కడుందో కన్ను పొరబడుతుంది. 2డిలో నల్లటి ఆకాశం ఖాళీ, రంగున్నదంతా గోడ, అక్కడ అనుమానమే ఉండదు. ఒకే గోడకు మళ్లీ మళ్లీ తగులుతుంటే ఆ ఒక్క చోటుకి 2డికి మారి అంచు చూసుకుని తిరిగి రండి. శత్రువులు మీద పడుతుండగా మాత్రం మార్చకండి, మారిన మొదటి క్షణంలో కన్ను ఓడను వెతుక్కుంటుంది.

కెమెరాను వాలుగా పెట్టే క్రేజీ కోణం కూడా ఉంది. ఒకసారి చూసి ఆనందించడానికి బాగుంటుంది, దాంతో స్టేజ్ దాటడం కష్టం.

పదే పదే నొక్కి వేలు నొప్పెడుతోంది. మార్గం లేదా?

ఆర్కేడ్‌లో ఒక నొక్కుకు ఒక షాట్, పట్టి ఉంచితే బీమ్ అనే పెద్ద షాట్‌కు ఛార్జ్. అందుకే మామూలు షాట్లకు వేలు ఆడిస్తూనే ఉండాల్సి వచ్చేది. డైమెన్షన్స్‌లో ర్యాపిడ్ ఫైర్‌కు వేరే బటన్ ఇచ్చారు. ఆట ఆపి కంట్రోల్స్ స్క్రీన్‌లో అదెక్కడుందో చూసుకోండి. ఒక వేలు ర్యాపిడ్ మీద, ఇంకో వేలు ఛార్జ్ మీద పెట్టుకోవడం మొదటి రోజే అలవాటు చేసుకోండి.

ఆర్కేడ్‌లో ఆడిన గుర్తుకు, ఇంట్లో ఆడే ఆట వేగం తేడాగా ఉంటుందంటారు. నిజమేనా?

అనుమానానికి ఆధారం ఉంది. ఆర్-టైప్ నడిచిన ఐరెమ్ ఎం72 బోర్డు స్క్రీన్‌ను సెకనుకు దాదాపు 55 సార్లు గీసేది. ఇంటి టీవీ 60 సార్లు గీస్తుంది. ఏ కన్సోల్ రూపమైనా ఫ్రేమ్‌కు ఒక అడుగు చొప్పున నేరుగా 60కి మారిస్తే ఆట 9 శాతం వేగంగా పోతుంది. 55నే ఉంచి 60లో సర్దితే వేగం సరిపోతుంది గానీ స్క్రోలింగ్‌లో సెకనుకు ఐదుసార్లు చిన్న తడబాటు కనిపిస్తుంది. పాత ఆర్కేడ్ బోర్డుకు అలవాటుపడ్డ చేతికి ఈ తేడా తెలుస్తుంది. కొత్తవాళ్లకు తెలియదు.

## మొదటి గంట: ఓడ, ఆయుధాలు

దారిలో నడుచుకుంటూ వచ్చే చిన్న రోబో ఏంటి?

దాన్ని పౌ అంటారు. ఓడకు బలమిచ్చే పవర్-అప్‌లు మోసేది అదే. కాల్చగానే ఒక వస్తువు వదులుతుంది. రంగు స్ఫటికమైతే లేజర్, ఎస్ అక్షరమైతే వేగం, ఎం అయితే శత్రువును వెతికి తగిలే మిసైళ్లు, చిన్న గుండు అయితే ఓడకు పైనా కిందా తోడుండే బిట్. ఏ పౌ ఏది ఇస్తుందో ప్రతిసారీ ఒకటే, కాబట్టి గుర్తుపెట్టుకోవచ్చు.

స్ఫటికం తీసుకున్నా లేజర్ రాలేదు. ఎందుకు?

మొదటి స్ఫటికం ఏ రంగుదైనా ఇచ్చేది లేజర్ కాదు, ఫోర్స్ అనే గుండ్రటి తోడు. రెండో స్ఫటికంతో లేజర్ మొదలవుతుంది, మూడోదానితో పూర్తి బలం వస్తుంది. ఆ తర్వాత వేరే రంగు తీసుకుంటే బలం తగ్గకుండా లేజర్ రకం మాత్రం మారుతుంది.

ఎరుపు, నీలం, పసుపు: ఏది మంచిది?

ఎరుపు నేరుగా ముందుకు, మెలికలు తిరుగుతూ వెడల్పుగా పోతుంది. ఎదురుగా నిలిచే పెద్ద శత్రువులకు మంచిది. నీలం మూడు పాయలుగా చీలి, గోడకు తగిలి అద్దం మీద వెలుతురులా తిరిగొస్తుంది. ఇరుకు సొరంగాల్లో మీరు చూడని మూలల్ని కూడా అది తుడిచేస్తుంది. పసుపు పైకీ కిందకీ పడి, గోడను అంటుకుని పాకుతుంది. నేలకూ కప్పుకూ అతుక్కున్న తుపాకులకు అది మందు, ఎదురుగా గాల్లో వచ్చేవాటికి మాత్రం దాదాపు పనికిరాదు.

అనుమానంలో ఉంటే నీలం పట్టుకోండి. అలవాటు లేని స్టేజ్‌లో పసుపు తీసుకుని చిక్కుకున్నవాళ్లే ఎక్కువ. పొరపాటున దాని మీదకు పోకుండా, అవసరం లేని స్ఫటికాన్ని వదిలేయడం కూడా నేర్చుకోవాలి.

వేగం ఎస్‌లు ఎన్ని తీసుకోవాలి?

ఒకటి లేదా రెండు. ఈ ఆటలో ఓడ వేగం పెంచుకోవడమే గానీ తగ్గించుకోవడం లేదు. దొరికిన ప్రతి ఎస్ మింగితే ఓడ ఒక్క తాకుడుకే రెండు ఓడల దూరం జారుతుంది, ఇరుకు చోట గోడకు కొట్టుకుంటుంది. అసలు తీసుకోకపోతే స్టేజ్ చివర వచ్చే పెద్ద శత్రువుల (బాస్‌ల) చుట్టూ తిరగలేరు.

ఫోర్స్ అంటే అసలు ఏం చేస్తుంది? ముందు తగిలించుకుని మర్చిపోతున్నాను.

ఈ ఆట మొత్తం దాని చుట్టూనే కట్టారు. ఫోర్స్‌కు చావు లేదు. మామూలు బులెట్లను మింగుతుంది, తాకిన శత్రువును దెబ్బతీస్తుంది, మీకు తగిలితే ఏమీ కాదు. ఓడ ముందు తగిలించొచ్చు, వెనక తగిలించొచ్చు, విసిరి దూరంగా వదిలేయొచ్చు. వెనక తగిలిస్తే లేజర్ వెనక్కే పేలుతుంది.

వెనక తగిలించడం ఇలా. ముందున్న ఫోర్స్‌ను ఒకసారి నొక్కి విసరండి. అది దూరంగా పోయి ఆగి, మీ ఎత్తుకు సర్దుకుంటూ తేలుతుంది. దాని పైనుంచో కిందనుంచో ఓడను ముందుకు పోనివ్వండి. ఫోర్స్ మీకు ఎడమవైపు పడగానే మళ్లీ నొక్కండి, వచ్చి తోకకు అతుక్కుంటుంది. ఖాళీగా ఉన్న చోట పదిసార్లు చేస్తే చేతికి వస్తుంది. శత్రువులు వచ్చాక మొదలుపెడితే ఆలస్యం, వెనక దాడి జరిగే చోటు తెలిస్తే దానికి ముందే మార్చుకోవాలి.

ఎక్కువగా జరిగే తప్పు ఫోర్స్‌ను దూరంగా వదిలి అది రావడానికి పట్టే సమయం లెక్కేయకపోవడం. పిలిచిన వెంటనే చేతిలో పడదు. ఆ మధ్యలో మీ ముక్కు ముందు ఏ రక్షణా ఉండదు.

ఛార్జ్ చేయాలా, చకచకా కాల్చాలా?

చిన్నవి గుంపుగా వస్తే చకచకా. దెబ్బలు తట్టుకునేది ఎదురుగా ఉంటే ఛార్జ్. స్క్రీన్ కింద బీమ్ అని గీత ఉంటుంది. బటన్ పట్టి ఉంచితే నిండుతుంది, వదిలితే వేవ్ కెనన్ పేలుతుంది. నిండుగా పేలినది చిన్న శత్రువుల వరసను చీల్చుకుంటూ పోతుంది. సగం నిండినది సగమే, ఆత్రపడి ముందే వదిలేయడం కొత్తవాళ్ల అలవాటు. ఛార్జ్ చేస్తున్నంతసేపూ మామూలు షాట్లు ఉండవు, కాబట్టి అప్పుడు ఫోర్స్ ముందుండాలి.

## స్టేజ్‌ల దగ్గర ఇరుక్కుంటే

మొదటి స్టేజ్‌లో తుపాకులు గుండ్రంగా తిరిగే చక్రం దగ్గర పోతున్నాను.

బయట నిలబడి ఒక్కొక్కటీ కాల్చాలనుకుంటే అన్ని వైపుల నుంచీ బులెట్లు వస్తాయి. ఫోర్స్‌ను చక్రం మధ్యలోకి విసిరి వదిలేయండి, లేదా ఒక వైపు తుపాకులు పగలగొట్టి ఆ సందులోంచి మీరే లోపలికి పోండి.

మొదటి బాస్‌కు ఎంత కాల్చినా ఏమీ కావట్లేదు.

డాబ్‌కెరాటాప్స్ తల మీద, వంటి మీద ఎంత కాల్చినా వృథా. దాని కడుపులోంచి బయటకు తొంగిచూసే చిన్న జీవి ఒక్కటే బలహీనమైన చోటు. ఎత్తు సరిచూసుకుని ఆ కడుపుకు ఎదురుగా నిలబడండి. బీమ్ నిండేవరకు పట్టి, ఆ జీవి బయటకు వచ్చినప్పుడు వదలండి. అది లోపలికి పోయినప్పుడు మళ్లీ నింపుకోండి. ఊపిరి తీసుకున్నట్టు ఒక లయలో సాగుతుంది.

ఇంకో పద్ధతి ఫోర్స్‌ను నేరుగా కడుపు మీదకు విసరడం. అది అక్కడే ఆనుకుని దెబ్బ మీద దెబ్బ వేస్తూ ఉంటుంది, మీరు దూరం నుంచి షాట్లు కలపొచ్చు. తోక ఊగే జాగాలోకి మాత్రం పోకండి. బాస్ ఎటు చూస్తున్నా తోక తన దారిన తాను ఊగుతుంది, దాన్ని గమనించకపోవడం వల్లే చాలామంది పోతారు.

రెండో బాస్‌కు అసలు ఎక్కడ కొట్టాలి?

గొమాండర్ పైభాగంలో తెరుచుకుని మూసుకునే కన్ను లాంటిది ఉంటుంది. మూసినప్పుడు ఏదీ ఎక్కదు. దాని వంటి కన్నాల్లోంచి పొడవాటి పురుగు ఒకటి బయటకు వచ్చి, చుట్టూ తిరిగి మళ్లీ లోపలికి దూరుతుంది. పురుగు దారిని రెండుసార్లు చూడండి, ఒకే తీరుగా ఉంటుంది. తర్వాత పైకి చేరి, బీమ్ నింపి ఉంచుకుని, కన్ను తెరవగానే వదలండి. ఫోర్స్‌ను కన్ను మీదకు పంపినా పనవుతుంది.

మూడో స్టేజ్ మొత్తం ఒకే ఓడలా ఉంది. బాస్ ఎప్పుడొస్తాడు?

ఆ ఓడే బాస్. అనేక స్క్రీన్‌ల పొడవున్న యుద్ధనౌక చుట్టూ తిరుగుతూ, తుపాకుల్ని ఒక్కొక్కటిగా ఒలిచి, చివరకు పైభాగంలోని గుండెను పగలగొట్టాలి. ఇక్కడ ఎక్కువమందిని చంపేది తుపాకులు కాదు, ఓడ ఇంజిన్ల మంట. మంట వచ్చే గొట్టం ఎదురుగా ఆగకండి. తుపాకులు ముందూ వెనకా రెండు వైపులా ఉంటాయి, కాబట్టి ఫోర్స్‌ను అటూ ఇటూ మార్చడం ఈ స్టేజ్‌లోనే బాగా పట్టుబడుతుంది. తొందరపడి ముందుకు దూసుకుపోవాలని చూడకండి. స్క్రీన్ తన వేగంతో తాను జరుగుతుంది, మీరు స్క్రీన్ మధ్యలో ఉంటేనే రెండు వైపులా తప్పుకునే జాగా ఉంటుంది.

నాలుగో స్టేజ్‌లో గూడు లాంటిది దారి మూసేస్తోంది.

కొన్ని శత్రువులు పోతూ పోతూ వెనక గూడు అల్లుతాయి. దాన్ని కాల్చి దారి తీసుకోవచ్చు. అల్లేవాటిని అల్లకముందే చంపితే పని తక్కువ. మిగిలిన గూడును ర్యాపిడ్ ఫైర్‌తో కోసుకుంటూ పోండి, ఫోర్స్ ముందుంటే అది కూడా తినేస్తుంది. బాస్ కంపైలర్ మూడు ముక్కలుగా విడిపోయి మళ్లీ కలుస్తుంది. మూడింటినీ ఒకేసారి పట్టుకోవాలని చూడక, ఒక ముక్క పని ముందు ముగించండి. రెండే మిగిలాక స్క్రీన్‌లో జాగా వస్తుంది.

ఐదో బాస్ చుట్టూ గుండ్లు తిరుగుతున్నాయి, లోపలికి షాట్ పోవట్లేదు.

బెల్‌మైట్ చుట్టూ ఉన్న గుండ్లు ఆగి ఆగి మీ మీదకే ఎగిరొస్తాయి. అవి విడివడినప్పుడు లోపలి గుండె బయటపడుతుంది. ఒక మూలలో ఇరుక్కోకుండా ఆడండి.

ఆరో స్టేజ్ దాటలేకపోతున్నాను. చిట్కా ఏదైనా?

మొదటి ఆటలో ఎక్కువమంది కంట్రోలర్ పక్కన పెట్టేసేది ఇక్కడే. సన్నని దారుల్లో పెట్టెల్లాంటి వాహనాలు పట్టాల మీద పోయినట్టు నడుస్తుంటాయి. అవి గట్టివి, త్వరగా పగలవు, ముందు నుంచీ వెనక నుంచీ వస్తాయి. మంచి విషయం ఒకటుంది. అవి మిమ్మల్ని వెంటాడవు, ప్రతిసారీ అదే దారిలో, అదే సమయానికి పోతాయి.

కాబట్టి కాల్చడం మానేసి, చూడటం మొదలుపెట్టండి. ఇన్ఫినిట్ మోడ్‌లో వేగం తగ్గించి ఈ స్టేజ్‌ను ఒకసారి దాటండి. చావుల లెక్క వదిలేయండి. ఏ మలుపు దగ్గర పైదారి ఖాళీ, ఎక్కడ కిందది ఖాళీ అనేది కాగితం మీద రాసుకోండి: "పై, పై, కింద, ఆగు, పై" అన్నంత పొట్టిగా చాలు. రెండోసారి మామూలు వేగంతో ఆ కాగితం చూస్తూ ఆడండి. మూడోసారికి కాగితం అక్కర్లేదు. ఆయుధంగా ఇక్కడ నీలం లేజర్ మేలు, మూల తిరిగి వస్తున్న పెట్టెకు మీరు కనిపించకముందే దెబ్బలు పడతాయి. వేగం ఎస్‌లు మూడు నాలుగు మింగి వచ్చినవాళ్లకు మాత్రం ఈ స్టేజ్ నరకమే.

చివరి బాస్ నోరు తెరవట్లేదు.

తెరుస్తుంది, ఆగాలి. బైడో గుండె నోరు తెరిచినప్పుడే బయటపడుతుంది. అప్పటిదాకా బతికి ఉండటమే పని. తెరవగానే ఫోర్స్‌ను లోపలికి విసరండి, వెనకే నిండు బీమ్ పంపండి.

ఆర్-టైప్ 2లో కొత్తగా ఏమున్నాయి? అలవాట్లు ఏవి మార్చుకోవాలి?

లేజర్లలో రెండు కొత్తవి: శత్రువును వెతికి వంగే సెర్చ్ లేజర్, ముందు చెదిరి పేలే షాట్‌గన్ లేజర్. నేల మీద పడే బాంబు తరహా మిసైల్ కూడా వచ్చింది. అసలు మార్పు బీమ్‌లో ఉంది. గీత నిండాక ఇంకా పట్టి ఉంచితే రెండో మెట్టుకు పోతుంది, వదిలితే ముందంతా చెదిరి పేలుతుంది. మొదటి ఆటలో నిండగానే వదిలేసిన చేతికి ఇది ఎక్కడానికి సమయం పడుతుంది. పట్టి ఉంచే క్షణం ఎక్కువ కాబట్టి అంతసేపు ఫోర్స్‌ను కవచంగా ముందుంచాలి. దారులు మొదటి ఆటకంటే ఇరుకు, శత్రువులు గట్టి.

## పోయాక

ఒక్కసారి పోతే అన్నీ పోతున్నాయి. ఆ తర్వాత బతకలేకపోతున్నాను.

క్లాసిక్ మోడ్‌లో పోతే చెక్‌పాయింట్‌కు వెనక్కి, ఫోర్స్‌తో సహా అన్నీ పోగొట్టుకుని, ఉత్త ఓడతో మొదలవుతారు. ఆర్కేడ్‌లో మరో నాణెం వేయించడానికి పెట్టిన పద్ధతి ఇది, రీమేక్‌లోనూ అలాగే ఉంచారు.

తిరిగి లేవాలంటే మొదటి పౌ ఎక్కడొస్తుందో తెలిసి ఉండాలి. దాన్ని వదలకండి. మొదటి స్ఫటికం ఏ రంగైనా తీసుకోండి, అప్పుడు కావలసింది ఫోర్స్ మాత్రమే. ఫోర్స్ వచ్చేదాకా దాడి మానేసి తప్పుకుంటూ, నిండు బీమ్‌తోనే దారి చేసుకోండి. ఉత్త ఓడతో దాటడం ఒక్కో చెక్‌పాయింట్ దగ్గర ఒక్కో పజిల్, దానికంటూ విడి సాధన అవసరం.

ఇన్ఫినిట్ మోడ్‌లో ఆడితే మోసం చేసినట్టా?

కాదు. పోయిన చోటే లేచి సాగిపోవచ్చు, వెనక్కి తోలడం ఉండదు. మీరు ఎన్ని ఓడలు పోగొట్టుకున్నారో ఆట లెక్క పెడుతుంది. ఆ లెక్కే మీ మార్కు. మొదటిసారి వందలు దాటినా కంగారు పడకండి, వారం తర్వాత అదే స్టేజ్‌కు సగం అయితే నేర్చుకున్నట్టే. ఒక్క లోపం ఉంది. ఈ మోడ్‌లోనే ఉండిపోతే ఉత్త ఓడతో చెక్‌పాయింట్ నుంచి లేవడం ఎప్పటికీ రాదు. స్టేజ్ దారి తెలిశాక దాన్ని క్లాసిక్‌లో ఆడండి.

వేగం తగ్గించి నేర్చుకుంటే, మామూలు వేగంలో తడబడుతున్నాను.

నెమ్మది వేగం దారి చూడటానికి మాత్రమే, చేతికి సాధన ఇవ్వడానికి కాదు. తగ్గించిన వేగంలో ఒక్కసారి చూసి, వెంటనే మామూలుకు రండి. అలవాటైన తర్వాత వేగం పెంచి ఒకసారి ఆడితే మామూలు వేగం తీరికగా అనిపిస్తుంది.

## ఇద్దరు కలిసి ఆడితే

పాత ఆటలో ఇద్దరు ఒకేసారి ఆడేవాళ్లా?

లేదు, ఒకరు పోయాక ఇంకొకరు, వంతులవారీగా ఆడేవాళ్లు. ఈ సిరీస్‌లో ఇద్దరు ఒకేసారి ఆడే ఆర్కేడ్ ఆట 1992 నాటి ఆర్-టైప్ లియో. డైమెన్షన్స్ ఆ వీలును పాత రెండు ఆటలకూ తెచ్చింది.

ఇద్దరం ఆడితే ఇంకా త్వరగా పోతున్నాం. ఎందుకలా?

దారులు ఒక ఓడ కోసం గీసినవి. రెండో ఓడకు తప్పుకునే చోటు ఉండదు. పైన ఒకరు, కింద ఒకరు అని ముందే పంచుకోండి. స్ఫటికాలు కూడా పంచుకోవాలి. రెండో స్ఫటికం ఒకరే లాగేసుకుంటే ఇంకొకరు ఫోర్స్ కూడా లేకుండా వెనక నడుస్తారు. ముందు ఇద్దరికీ ఫోర్స్, తర్వాతే లేజర్. ఒకరు ఫోర్స్ ముందు, ఇంకొకరు వెనక తగిలించుకుంటే మూడో స్టేజ్ ఒంటరిగా ఆడినదానికంటే తేలిక. ఆరో స్టేజ్‌లో మాత్రం ఇద్దరూ ఒకే సందులోకి దూరతారు, అక్కడ ఒకరి వెనక ఒకరు పోవడమే దారి.